ఎడ్ల దుర్గి మాట

కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు ఎక్కిన మంగవ్వకు కిటికీ పక్కనే సీటు దొరికింది. దొరికినా ఆమె బయటికి చూడలేదు. చూడాల్సినవన్నీ బస్సులోనే ఉన్నాయి. పక్కన కూర్చున్న పిల్లది ఏ ఊరు, చేతికి ఆ కట్టు ఏమిటి, ముందు సీటులో ఆయన ఒడిలో పెట్టుకున్న అట్టపెట్టెలో ఏముంది? లింగంపేట రాకముందే అన్నీ తేలిపోయాయి. పెట్టెలో కోడిపిల్లలు. పిల్ల మోటారు సైకిలు మీంచి పడింది. ఆ బండి నడిపినవాడు మేనబావ. పెండ్లి దసరా తర్వాత. ఆధార్ కార్డు చూసి జీరో టికెట్ చేతిలో పెట్టిన కండక్టరమ్మను కూడా మంగవ్వ వదల్లేదు.

"పొద్దుగాల్నే డ్యూటీ ఎక్కితివి, ఇంట్ల పిల్లలకు ఎవలు వండిపెడుతరు బిడ్డా?"

"మా ఆయన వండుతడవ్వా."

"అవునా! ఏం వండుతడు?"

"కోడిగుడ్డు. పొద్దున కోడిగుడ్డు, పగలు కోడిగుడ్డు, రాత్రి కూడ గదే."

సగం బస్సు నవ్వింది. మంగవ్వ కూడా నవ్వింది కానీ ఎప్పటిలా రెండో ప్రశ్న వేయలేదు. ఒడిలోని సంచిని దగ్గరికి లాక్కుంది. సంచిలో తెల్లవారుజామున లేచి కాల్చిన సర్వపిండి ఉంది. దాన్ని తినేవాళ్ళు నమిలి మింగగలరో లేదో ఆమెకు తెలియదు.

మూడు రోజుల కిందట కామారెడ్డి బస్టాండులోనే హరిచంద్ కనబడ్డాడు. ఎల్లారెడ్డి అవతలి తండావాడు, మంగవ్వ పాత నేస్తం దుర్గి కొడుకు. చేతిలో మందుల కవరు ఉంది. మంగవ్వ కవరు చూశాక ఇక ఊరుకుంటుందా!

"ఎవలికిర మందులు?"

"అమ్మకవ్వా. శివరాత్రి పోయిన వారానికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినయి. కాలు జర నయమే. మాటనే పోయింది."

"పోయిందంటె? అసలుకే వస్తలేదా, వంకరగ వస్తుందా?"

"వంకరగ వస్తది. మాకే సమజ్ కాదు. ఒకసారి పిల్లలు నవ్విండ్రు. అప్పటిసంది నోరు తెరుస్తలేదు. ఎవలన్న వస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పోతది."

మూడు నెలలుగా తనకు కబురు చేయలేదని మంగవ్వ వాణ్ణి బస్టాండులోనే దులిపింది. వాడు తల వంచుకుని మిగతాది చెప్పాడు. ఎల్లారెడ్డి రైతు సిద్ధిరాములు రెండు కోడెలను కాడి నేర్పమని అమ్మకు అప్పగించాడు. అవి వచ్చిన నాలుగో రోజే ఆమె పడిపోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక కోడెలను వెనక్కి తోలేద్దామంటే పలుపు వదల్లేదు. ఎడమ చేత్తోనే మొదలుపెట్టింది. మూడో రోజు ఎల్లారెడ్డి జాతరలో సిద్ధిరాములు వాటిని పందెం బండికి కడుతున్నాడు. నడిచాయా సరే. నడవకపోతే డోంగ్లి వైపు ఇంకొకరి దగ్గరికి తోలేస్తానని చెప్పాడు.

"గట్లయితే ఇంగ అమ్మ చేతికి ఎవ్వలు కోడెను ఇయ్యరవ్వా. ఈసారి చెరుకు కొట్ట పోయెటప్పుడు మా ఎంట తీసుకపోత. గుడిసెల కూసుంటది."

దుర్గి గుడిసెలో కూర్చోవడమా! మంగవ్వకు ఆ మాట మూడు రోజులుగా అన్నం దిగనివ్వలేదు.

ఎల్లారెడ్డి చుట్టుపక్కల దుర్గి అంటే ఏ దుర్గి అని అడుగుతారు. ఎడ్ల దుర్గి అంటే వెంట వచ్చి ఇల్లు చూపిస్తారు. పెండ్లయిన ఏడే ఆమె భర్త సోమ్లా వెంట మహారాష్ట్రకు చెరుకు కొట్టడానికి పోయింది. ఆ రోజుల్లో కొట్టిన చెరుకు ఎడ్లబండ్ల మీదే ఫ్యాక్టరీకి పోయేది. బండి తోలేవాడు ఒకడు జ్వరంతో పడితే, ఏడో నెల కడుపుతో ఉండి వంగలేకపోతున్న దుర్గిని ఎక్కించారు. మళ్ళీ దిగమంటే దిగలేదు. ఆరు సీజన్లు తోలింది. ఏ ఎద్దు ఎందుకు మొరాయిస్తుందో, ఏది చెవి వెనక గోకితే కరుగుతుందో, ఏది తోక ముడితే తంతుందో అక్కడే నేర్చుకుంది. ఊరికి తిరిగొచ్చి మొదట తమ కోడెకు కాడి అలవాటు చేసింది. తర్వాత పక్కింటివాళ్ళ కోడెకు. ఆ తర్వాత తను ఎన్నడూ చూడని ఊళ్ళ నుంచి కూడా కోడెలు తండాకు రావడం మొదలైంది.

అందరూ కోడెను పడేసి ముక్కుతాడు బిగిస్తారు. ఇద్దరు ముందు నుంచి లాగుతుంటే ఒకడు వెనక కర్రతో పొడుస్తాడు. దుర్గి దారి అది కాదు. మొదటి వారం కోడె మెడ మీద ఏమీ పెట్టదు. తీసుకొచ్చి వంట పొయ్యి పక్కన కట్టేస్తుంది. రొట్టెలు కొడుతూ, పిల్లల్ని తిడుతూ, సోమ్లాతో పోట్లాడుతూ తన పని తాను చేసుకుంటుంది. అదేమిటని అడిగితే, "ముందు మనిషి గొంతు అలవాటు గావాలె. కాడిది ఏమున్నది, కట్టెనే గద" అనేది. రెండో వారం ఉత్త కాడి. మూడో వారం కాడికి తాడు, తాడుకు ఒక చెట్టు మొద్దు. బండి ఆ తర్వాతే. కర్ర మాత్రం ఏ వారమూ లేదు.

మంగవ్వకు ఆమె దొరికింది కూడా ఒక జత ఎడ్ల దగ్గరే. ముప్పై నాలుగేళ్ళ కిందటి మాట. నాగిరెడ్డిపేట పక్క పల్లెలో మంగవ్వకు పోచారం కాలువ కింద నాలుగెకరాల మడి ఉండేది. ఆ ఎండాకాలం భర్త పోచయ్య పచ్చకామెర్లతో పోయాడు. చంకలో ఒకరు, చేతిలో ఒకరు, ఇద్దరు పిల్లలు. వానలు పడ్డాయి, నారు ఎదిగింది, దున్నడానికి మాత్రం ఒక్క మనిషి రాలేదు. పోచయ్య అన్నదమ్ములు రానివ్వలేదు అనడమే సరైన మాట. ఆ మడి తమకు కౌలుకు వస్తుందని ఊరంతా చెప్పి పెట్టారు. వాళ్ళకు కౌలుకు పోయిన భూమి మళ్ళీ తన పిల్లలకు రాదని మంగవ్వకు తెలుసు. ఆడమనిషి నాగలి ముట్టరాదని కూడా తెలుసు. రెండూ తెలిసి ఏం చేయాలో తెలియక గట్టు మీద కూర్చుని ఏడుస్తుంటే, పక్క మడిలో నాటు వేయడానికి వచ్చిన తండా ఆడవాళ్ళలోంచి ఒకామె బురద కాళ్ళతో వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఎందుకేడుస్తున్నవ్?"

"దున్నెటోడు లేడు."

"ఎడ్లు లేవా?"

"ఉన్నయి."

"నాగలి?"

"ఉన్నది."

"మరి లేనిదేంది నీకు?"

దుర్గి లంగా మోకాళ్ళ పైకి దోపుకుని ఎడ్లను కాడికి కట్టింది. రెండు సాళ్ళు తాను తోలి, మూడో సాలుకు నాగలి మేడిని మంగవ్వ చేతిలో పెట్టింది.

"మేడి మీద బరువెయ్యకు. ఎడ్లతోని మాట్లాడు."

"ఏం మాట్లాడాలె?"

"నేనన్నట్టు అను. చల్ యాడీ, చల్!"

మంగవ్వ అలాగే అంది. ఎడ్లు కదిలాయి. గట్టు మీద నుంచి చూస్తున్న బావగారు గుడ్లురిమాడు. "ఏడీ ఏడీ అని ఎవన్ని దేవులాడుతున్నవే? నేనిక్కడనే ఉన్న!"

"నిన్ను కాదు పటేలా," అంది దుర్గి వెనక్కి తిరక్కుండానే. "పని చేసెటోళ్ళను పిలుస్తున్నం."

ఆరు రోజులు తన కూలి పోగొట్టుకుని దుర్గి ఆ మడిలోనే ఉంది. ఏడో రోజు మంగవ్వ ఒక్కతే దున్నింది. ఆడది నాగలి పట్టింది, ఇంక వాన పడదన్నారు. ఆ ఏడు పోచారం అలుగు దూకింది. మడి నిలబడింది, పిల్లలు దాని మీదే చదివారు. సుకన్య టీచరమ్మ అయింది. అరవింద్ కామారెడ్డిలో మోటార్ల దుకాణం పెట్టి తల్లిని తన దగ్గరికి తెచ్చుకున్నాడు. ఏటా వైశాఖంలో జాతరకు మంగవ్వ తండాకు వచ్చి రెండు రోజులు ఉండి పోయేది. మోకాలి ఆపరేషన్ వల్ల గత రెండేళ్ళు రాలేదు. ఇన్నేళ్ళలో ఊరందరి సంగతులూ మాట్లాడుకున్నారు కానీ ఆ ఆరు రోజుల సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు.

తండాలో ఆటో దిగేసరికి సోమ్లా వేపచెట్టు కింద నులకమంచం మీద కూర్చుని ఎడ్ల మెడగంటలు తుడుస్తున్నాడు. మంగవ్వను చూసి లేచి నిలబడ్డాడు.

"రా చెల్లె, రా. మీ అక్క నిన్ను చూసి లోపటికి ఉరికింది."

"ఉరికిందా? అంటె కాలు మంచిగనే ఉన్నదన్నట్టు!"

"కాలుకేమాయె. నలభై ఐదేండ్లు ఆమె తిట్లు తిన్న. మూడు నెలలసంది తిట్లు లేక అన్నం సయిస్తలేదు నాకు."

నవ్వుతూనే అన్నాడు. కళ్ళు మాత్రం గంటల మీద నుంచి ఎత్తలేదు.

కోడలు జమున మంచినీళ్ళు తెచ్చింది. మంగవ్వ గ్లాసు అందుకుంటుండగా జమున కూతురు, ఐదేళ్ళ నిహారిక, ఎక్కడినుంచో పరిగెత్తుకొచ్చి తల్లి కొంగు పట్టుకుని లాగింది. "యాడీ! యాడీ!"

మంగవ్వకు నీళ్ళు పొలమారాయి.

"ఓసి నీ పాడుగాను! తల్లిని ఎడ్లను తోలినట్టు తోలుతుందేంది ఇది?"

జమునకు అర్థం కాలేదు. "ఎడ్లేందవ్వా?"

"యాడీ అంటె ఎడ్లను నడువుమనుడు గద!"

"అయ్యో, కాదవ్వా. మా భాషల యాడీ అంటె అమ్మ."

మంగవ్వ గ్లాసు పక్కన పెట్టింది. "అమ్మనా?"

"అమ్మనే."

"మగ ఎడ్లను అమ్మా అంటరా?"

"మీరు కొడుకును గారాబం చేసి 'మా అమ్మే, మా తల్లే' అనరా? గట్లనే," అన్నాడు సోమ్లా. "దుర్గి ప్రతి కోడెను యాడీ అనే పిలుస్తది. నన్నే ఎన్నడు పిలువలే."

పోచయ్య పోయాక తొమ్మిదేళ్ళు మంగవ్వ ఆ మడి దున్నింది. తొమ్మిదేళ్ళు పొద్దున లేచి ఎడ్ల వెనక నిలబడి అమ్మా, అమ్మా అని పిలిచిందన్నమాట! సొంత తల్లి చిన్నప్పుడే పోయిన మంగవ్వ ఆ మాట నోటితో అన్నది ఆ మడిలోనేనన్నమాట. ఇన్నేళ్ళూ తండా పిల్లలు యాడీ అని అరిచినప్పుడల్లా ఎడ్లబండి ఆట ఆడుతున్నారనుకుంది. ఏమీ అడగకుండా ఉన్న మంగవ్వను చూసి జమున కంగారుపడి ఇంకో గ్లాసు నీళ్ళు తెచ్చింది.

లోపల దుర్గి గోడవైపు తిరిగి కూర్చుంది. కొంగు నోటికి అడ్డంగా ఉంది. మంగవ్వ పక్కన చతికిలబడి సంచి విప్పింది. సర్వపిండి తుంచి పెట్టింది. కామారెడ్డిలో ఎవరింట్లో పెండ్లి, ఎవరింట్లో లడాయి, కండక్టరమ్మ మొగుడి కోడిగుడ్లు, అన్నీ చెప్పింది. దుర్గి కళ్ళు నవ్వాయి. కొంగు దిగలేదు. "ఒక్క మాట అనరాదక్కా, నేనేగద" అంటే తల అడ్డంగా ఊపింది. మంగవ్వ ఇంకేదో అనబోయింది. నీ వల్లనే నా పిల్లలు, అని మొదలుపెట్టి ఆగిపోయింది. ఊరందరినీ అడగడానికి వేయి మాటలున్న నోటికి ఆ ఒక్క మాట ఎలా ముగించాలో తెలియలేదు. దుర్గి కుడి చేతిని ఒడిలోకి తీసుకుని ఒక్కో వేలూ నెమ్మదిగా చాచి ఒత్తుతూ కూర్చుంది.

ఆ మధ్యాహ్నమే జాతర, ఎల్లారెడ్డి పక్క బీడులో. మైసమ్మ గుడి ముందు నుంచి అవతలి రాతి స్తంభం దాకా బండ్లు పోయి, చుట్టు తిరిగి రావాలి. దానికి కర్ర లేని బండి అని పేరు. బండి ఎక్కేముందు కర్రా, ముల్లుగర్రా గుడి మెట్ల మీద పెట్టేయాలి. నోటి మాటతో, పగ్గంతో మాత్రమే తోలాలి. ఆ ఏడు ఏడు బండ్లు వచ్చాయి. ఎండ ఇంకా తగ్గలేదు. చెరుకురసం బండి దగ్గర జనం, గాజుల దుకాణాల దగ్గర జనం, హరిచంద్ ట్రాక్టర్ ట్రాలీలో తండా ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య మూతికి కొంగు చుట్టుకుని దుర్గి. పక్కనే మంగవ్వ.

డప్పు మోగింది. ఆరు బండ్లు కదిలాయి. సిద్ధిరాములు బండి కదల్లేదు.

"హై! చల్! హో!" అన్నాడు సిద్ధిరాములు. కొత్త తువ్వాలు, కొత్త చొక్కా, చెమట. కోడెలు రంగు పూసిన కొమ్ములు ఆడిస్తూ నెమరు వేస్తున్నాయి.

"సిద్ధిరాములన్నా, రీచార్జి అయిపోయినట్టున్నది!" అని ఒకడు అరిచాడు.

"దొబ్బి స్టార్ట్ చెయ్యాలె!" అని ఇంకొకడు.

సిద్ధిరాములు మొహం మాడిపోయింది. ట్రాలీ వైపు ఒకసారి చూశాడు. ఆ చూపు దుర్గి మీద పడటం మంగవ్వ చూసింది. ఆపరేషన్ మోకాలి సంగతి మరిచి ట్రాలీ దిగి గుంపును తోసుకుంటూ బండి దగ్గరికి పోయింది. కోడెల వెనక నిలబడి, తొమ్మిదేళ్ళు అరిచిన గొంతుతో అరిచింది.

"చల్ యాడీ! చల్!"

కోడెలు చెవులు తిప్పాయి. అంతే. కాలు ఎత్తలేదు.

"అవ్వ ఎవన్నో దేవులాడుతుంది, ఏడీ ఏడీ అని!" గుంపు పగలబడి నవ్వింది.

మాట అదే కదా, ఎందుకు నడవవు? మంగవ్వకు అప్పుడు తట్టింది. ఈ కోడెలు కాడి కింద విన్నది ఈ మాటను కాదు. దుర్గి పడిపోయాకే వీటికి చదువు మొదలైంది. వీటికి తెలిసింది ఎవరూ లేనప్పుడు దుర్గి వీటితో అన్న విరిగిన మాటే. అది ఒక్క నోటి నుంచే వస్తుంది.

ఆమె వెనక్కి తిరిగింది. చేతులు ఊపి పిలవబోయింది. అవసరం లేకపోయింది. దుర్గి అప్పటికే ట్రాలీ దిగింది. హరిచంద్ పట్టుకోబోతే మోచేత్తో తోసేసింది. కుడి కాలు ఈడుస్తూ వస్తుంటే గుంపు దారి ఇచ్చింది. కోడెల పక్కకు వచ్చి ఎడమ చేయి ఒకదాని మూపురం మీద వేసింది. కొంగు తీసేసింది. ఒక పక్కకు గుంజుకుపోయిన ఆ నోరు మూడు నెలల తర్వాత జనం ముందు తెరుచుకుంది.

"తల్... యా... ఈ."

రెండు కోడెలూ ఒక్కసారి కాడిని ఎత్తాయి. సిద్ధిరాములు వెనక్కి పడబోయి పగ్గం పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"ఎక్కియ్యిర! అమ్మను ఎక్కియ్యి!" అని సోమ్లా అరిచాడు. కదులుతున్న బండిలోకి తండ్రీ కొడుకులు దుర్గిని ఎత్తి కూర్చోబెట్టారు. గుంపులో ఎవరూ నవ్వడం లేదు. మంగవ్వ ఒక్కతే నవ్వుతోంది, ఏడుస్తోంది, పక్కనున్న ఎవరి భుజాన్నో గుద్దుతోంది.

ముందు పోయిన బండ్లలో నాలుగింటిని దాటారు. ఇంకో బండిని కూడా దాటేవారే. తిరుగుదారిలో ఎడమ కోడెకు చెరుకురసం బండి పక్కన పిప్పి కుప్ప కనబడింది. అది రెండోదాన్ని కూడా అటే లాక్కుపోయింది. రసం గ్లాసులతో నిలబడ్డ జనం తలో దిక్కు పరిగెత్తారు. దుర్గి బండిలోంచి తిట్టిన తిట్లు ఏ భాషవో ఎవరికీ అర్థం కాలేదు, కోడెలకు తప్ప. నోటి నిండా పిప్పితో మళ్ళీ దారికి వచ్చాయి. మూడో స్థానం. బహుమానం ఒక కొబ్బరికాయ, ఒక తువ్వాలు.

"విన్నవా చెల్లె, తిట్టింది!" అన్నాడు సోమ్లా. అతని మొహం చూస్తే మొదటి స్థానం వాళ్ళదే అనుకోవాలి ఎవరైనా.

ఎండ చల్లబడ్డాక సిద్ధిరాములు కోడెలను విప్పి నీళ్ళు తాపి, ట్రాలీ దగ్గరికి వచ్చాడు. దుర్గి అంచున కూర్చుని ఉంది. కొంగు భుజం మీద ఉంది. మంగవ్వ పక్కన కూర్చుని కొబ్బరి ముక్కలు చిన్నగా కోస్తోంది.

"దుర్గక్కా, మా బామ్మర్దికి ఇంకో జత ఉన్నది. పొగరు కోడెలు. తోలుకొస్త. ఎప్పుడు తెమ్మంటవ్?"

దుర్గి అతని వైపు చూసింది. కోడెల వైపు చూసింది.

"అయ్... ఆ... లం."

"అయ్యగారా? ఏ అయ్యగారు?" సిద్ధిరాములు తడబడి మంగవ్వ వైపు తిరిగాడు. "ఏమంటుందవ్వా?"

మంగవ్వకు మొదటిసారే అర్థమైంది. నాలుక కొసకు వచ్చింది. కొబ్బరి ముక్క ఒకటి నోట్లో పెట్టుకుని నమలసాగింది.

"అయ్... తా... లం," అంది దుర్గి, ఈసారి గట్టిగా, కోపంగా.

సిద్ధిరాములు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. ఇంకోసారి మంగవ్వ వైపు చూశాడు. ఆమె ఎటో చూస్తోంది. చేసేది లేక దుర్గి మొహంలోకే చూస్తూ ముందుకు వంగాడు. దుర్గి ఎడమ చేత్తో దవడ పట్టుకుని, ఒక్కో ముక్కా తోసినట్టు తోసింది.

"అయ్. తా. రం."

"ఐతారం! ఐతారమా అక్కా?"

అవును, ఆదివారమే అన్నట్టు దుర్గి తల ఊపింది.

"సరే. ఐతారం పొద్దుగాల్నే తోలుకొస్త."

అతను వెళ్ళిపోయాక దుర్గి మంగవ్వ వైపు తిరిగి ఏదో అంది. పొడుగ్గానే అంది, తిట్టినట్టే అంది. మంగవ్వ ఆ తిట్టంతా విని, దుర్గి నోట్లో ఒక కొబ్బరి ముక్క పెట్టింది.